అరుగుదల

వాల్పరైసోలో కొండ మీద, మూడో మలుపులో నా కొట్టు.
చెప్పులు కుట్టేవాణ్ణి. ఈ వీధి పిల్లల మొహాలకంటే
వాళ్ల అడుగులే నాకు బాగా గుర్తు.

కుడి బొటనవేలి దగ్గర చిల్లుంటే అది యెర్కో.
రెండు మడమలూ వెనకవైపు కోసుకుపోతే మిలెన్కా:
అట్టముక్క మీద కూచుని వీధి వీధంతా జారి
గోడ గుద్దుకునే లోపల కాళ్లతో ఆపుకుంటుంది.
బల్లపరుపు నేల మాకెక్కడిది?
బంతి చెయ్యి జారిందంటే నూట పన్నెండు మెట్లు.
అందరికన్నా చిన్నవాడే తేవాలి, అది రూలు.
ఆ చిన్నవాడు లిసాండ్రో. వాడి పిక్కలు చూడాలి మీరు!

రేవుకెళ్లే లారీలు కింది దారి చాలక
మా వీధిలోకి ఎక్కాయి.
వాటికోసం తారు పోశారు.
అంత నున్నటి నేల మా కొండ ఎన్నడూ ఎరగదు.
దాని మీద ఒక్క పిల్ల కాలు పడలేదు.

ఆ ఏడాది నా బల్ల మీదికొచ్చిన బూట్లు
పొట్టివైపోయినవే, అరిగినవి కావు.
కొత్త వాసన పోకుండానే తమ్ముళ్లకి దిగిపోయాయి.
"ఈసారి గట్టి తోలు వేశావయ్యా" అన్నారు తల్లులు.
తలూపాను. పొగడ్త ఎవరికి చేదు?
తోలు అదే.

బళ్లో నర్సు పిల్లల్ని తూచి
పుస్తకంలో 'బద్ధకం' అని రాసిందట.
వీధిని కాటా ఎక్కించినవాళ్లు లేరు.

జూలై చలిలో నీళ్ల గొట్టం పగిలింది.
అటొకటి ఇటొకటి చెక్క అడ్డాలు పెట్టి
గొయ్యి తవ్వినవాళ్లు, పారలు అక్కడే పడేసి
పంతొమ్మిది రోజులు మళ్లీ కనపడలేదు.
మొదటిరోజు గుమ్మాల్లో నిలబడి చూశారు పిల్లలు.
రెండోరోజు సాయంత్రం
గోడకి బంతి తగిలిన చప్పుడు.
నోట్లో మేకులు పెట్టుకుని అలాగే ఉండిపోయాను.

మట్టిగుట్ట ఒక గోలు, చెక్క అడ్డం ఇంకోటి.
బంతికోసం దిగిన లిసాండ్రో
తిరిగొస్తూ యాభయ్యో మెట్టు మీద కూలబడ్డాడు,
రొప్పుతూ, తన కాళ్లకేసి అనుమానంగా చూసుకుంటూ.
పదోరోజుకి కూలబడలేదు.
పద్దెనిమిదో రోజున, పైకొచ్చాక, కావాలనే
బంతిని మళ్లీ కిందికి వదిలాడు.

గొట్టం అతికారు. లారీలు వచ్చాయి.
మర్నాడు వాళ్లమ్మ రోసాల్బా
మట్టి ఎండిన బూట్లు నా బల్ల మీద విసిరింది:
"మూడు వారాలు ఆగలేదు! నాసిరకం తోలు అంటగట్టావు."

అవునమ్మా, అన్నాను.
కూలి తీసుకోలేదు.
ఆ అడుగు పీకి పారెయ్యడానికి మాత్రం
చాలాసేపు పట్టింది.