రెండో పక్క

సీసాకి ముఖం ఉండదు మే,
మనం ముందు అంటించిన పక్కే ముఖం.
ఈ మాట సుంకులమ్మది.
మైదా బంక బకెట్టు నడుమ పెట్టుకుని
ఎదురెదురుగా కూచున్న రోజుల్లోది.
ముందు కాగితం ఆమెది, వెనక కాగితం నాది.
ఆమె చేతిలోంచి నా చేతిలోకి వచ్చేసరికి
సీసా అర చుట్టు తిరిగి ఉండేది.

ఇప్పుడు ఆదోని బైపాసు పక్క మిల్లులో
నేనొక్కదాన్నే మిషను ముందర నిలబడతాను.
అటొక చుట్ట, ఇటొక చుట్ట.
నడుమ పట్టా మీద బుడ్డల నూనె
లీటరు లీటరుగా నడిచొస్తుంది.
ఎర్ర కన్నొకటి దాన్ని చూసి రెప్ప వేయగానే
రెండు వైపులా రెండు కాగితాలు నాలుక చాపుతాయి.
స్పాంజి రోలరు వీపు నిమిరి పంపేస్తుంది.
నిమిషానికి నలభై.
మేమిద్దరం గంటకు నూటయాభై చేస్తే
మేస్త్రీ టీ ఇప్పించేవాడు.

అయినా దానికి తెలియనివి ఉన్నాయి.
ఏప్రిల్లో పన్నెండు దాటితే
రేకుల కింద జిగురుకు చెమట పడుతుందని,
జిన్నింగు మిల్లుల నుంచి గాలికొచ్చే పత్తి నూగు
ఆ ఎర్ర కంటికి అడ్డం పడితే
వచ్చిన సీసా కూడా రానట్టేనని.
అందుకే నా నడుముకు పాత నూలు గుడ్డ,
చేతిలో మావాడి కంపాసు పెట్టెలోని స్కేలు.

ఫిట్టరు ఉరుకుందు బోల్టు పావు చుట్టు తిప్పి
"ఇంగ చూడక్కా" అంటాడు.
మూడో సీసా తీసి వాకిట్లో ఎండకు ఎత్తి పడతాను.
నూనెలోంచి ఈ పక్క కాగితం నీడ
ఆ పక్క కాగితం మీద పడుతుంది.
రెండూ ఒక్కటైతే సరి.
లేకుంటే అంచున గోటి ముక్కంత చీకటి.
"ఇంకా రొంత."
"వెనకపక్క ఎవురు చూస్తారక్కా?"

ముందు పక్క పూరీల పళ్లెం పట్టుకుని నవ్వే ఆమె
ఏ ఊరిదో నాకు తెలీదు.
పూరీ పొంగిందంటే నమ్ముతాను,
ఆమే వత్తిందంటే నమ్మను.
వెనక, ధర కింద, తేదీ కింద,
ఆవగింజలంత అక్షరాల్లో ఆదోని అని ఉంటుంది.

మిషను వచ్చిన నెలకు ఒకరు చాలన్నారు.
నాకు అంకెలు చదవను వచ్చు. అంతే తేడా.
సుంకులమ్మ మిరపకాయలు తెంపను
గుంటూరు దిక్కు లారీ ఎక్కింది.

నిన్న రాత్రి ఫోను.
మిరప కోరుకి గొంతు బొంగురు పోయింది.
"ఈడ అంగట్లో మన సీసా కనపడింది మే మాబున్నీ.
తిప్పి తిప్పి చూసినా.
బాగనే అంటిస్తాంది నీ మిషను.
నా పక్క నిలువునా ఉంది.
నీ పక్కే, రొంత ఎడమకు వాలింది."

తేదీ ఎంతో చూడమన్నాను.
అంగడాయనతో చదివించింది. ఫిబ్రవరి పదకొండు.

ఆ సాయంత్రం కరెంటు పోయింది.
లోడు లారీ గేటు దగ్గర హారను కొడుతుంటే
మిగిలిన పన్నెండు సీసాలు
సెల్లు వెలుతుర్లో చేత్తోనే అంటించాను.
ఆమె పక్క ముందు.
అంటించి, అలవాటుగా ఎదరకు చాపి,
అందుకునే చెయ్యి లేక
మళ్లీ నేనే తిప్పుకున్నాను.

ఫోన్లో ఆ సంగతి చెప్పలేదు.
"రేపు బోల్టు సరిచేయిస్తాలే" అన్నాను.