రెండో బార్‌టెండర్

నా పని దుమ్ము తుడవడం.
ఒహాయోలో, నేలకు రెండంతస్తుల కింద, చలిగదిలో
పాత ఫిల్ము రీళ్ళు గజాల లెక్కన విప్పి
మెత్తటి గుడ్డతో తుడుస్తాను.
అక్కడ తగిలాడు ఇతను.
ముప్పై నాలుగో సంవత్సరం, సెలూన్ సీను.
హీరో తలుపు తన్నుకుని వస్తాడు,
పియానో ఆగిపోతుంది,
వెనకాల, కాస్త మసకలో,
ఇతను గ్లాసు తుడుస్తూ ఉంటాడు.

మరో డబ్బా. న్యూయార్క్ క్లబ్బు, నల్ల బో టై.
గ్లాసు తుడుస్తున్నాడు.
మరోటి. ఓడ మీద బారు, వెనక గుడ్డ మీద గీసిన సముద్రం.
గ్లాసు తుడుస్తున్నాడు.
ఎన్నేళ్ళు తుడిచినా ఆ గ్లాసు
ఒక్కసారీ బల్ల మీదికి చేరదు.
చెయ్యి ఆగితే చూసేవాళ్ళ కన్ను
హీరో మీంచి జారి ఇటు పడుతుందట.
స్టూడియోలో నేర్పిన మొదటి పాఠం:
కదులుతూ ఉండు, కనపడకు.

పుట్టినప్పటి పేరు టోయివో రౌటానెన్.
మిన్నెసోటాలో ఇనపరాయిని ఓడలకెత్తే రేవు,
తండ్రి దగ్గితే చేతిరుమాల్లో ఎర్రదుమ్ము.
ఇంత పేరు పోస్టరు మీద పట్టదని
గుమాస్తా పెన్సిలుతో కొట్టేసి
టెడ్ రోవన్ అని రాశాడు.
పోస్టరు దాకా ఎన్నడూ వెళ్ళలేదు, అది వేరే సంగతి.
ఆ కొత్తపేరైనా తెర మీద పడింది నాలుగుసార్లే.
మిగతావాటిల్లో బార్‌టెండర్,
ఒకదాంట్లో రెండో బార్‌టెండర్.
మొదటివాడికి డైలాగుంది.

భార్య ఒపల్, స్టూడియో కుట్టుగదిలో బొత్తాలు కుట్టేది.
శనివారాలు సినిమాహాల్లో వెనక వరసలో కూర్చుని
అతను కనపడగానే మోచేత్తో పొడిచేది.
"చూశావా, ఎంత బాగున్నానో!" అంటే
"కాలరు కింద బొత్తాం నాది" అనేదట.
ఇవన్నీ ఆమె చెల్లెలి కూతురు రాసిన
మూడు ఉత్తరాల్లో ఉన్నాయి.
కొంత నేనే ఊహించుకున్నాను, ఒప్పుకుంటాను.

యాభై రెండులో పిలిపించారు.
పొడుగాటి బల్ల, మైకులు, నీళ్ళ కూజా.
సమ్మె రోజుల్లో మీ ఇంట్లో కూర్చున్నదెవరు?
పేర్లు చెప్పండి.
ఊరూ పేరూ లేని వేషాలు వేసినవాణ్ణి
పేర్లడిగారు.
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
కెమెరాలన్నీ అతని వైపే.
ఒక్క మాట కోసం గదంతా చెవులు రిక్కించింది.
టోయివో నోరు మెదపలేదు.
ముందున్న గ్లాసు తీసుకుని, జేబురుమాలుతో
తుడవడం మొదలెట్టాడు.

ధిక్కారమన్నాయి పత్రికలు.
భయమన్నది ఒపల్. వణికే చేతులకి
ఏదో ఒకటి పట్టుకోవాలి కదా.

మర్నాటి నుంచి, పదిహేనేళ్ళు పలకరించిన
స్టూడియో గేటు కాపలావాడికి
అతని పేరు గుర్తుకు రాలేదు.

శాన్ పెద్రో రేవులో నిజం బారు దొరికింది.
యజమాని యెర్కో, క్రొయేషియా వాడు, మొదటిరోజే కసిరాడు:
"అయిందయ్యా ఆ గ్లాసు, కింద పెట్టు!
ఎవడు నేర్పాడు నీకీ పని?"
చేపల పడవలవాళ్ళు
నీలో బార్‌టెండరు పోలికే లేదనేవారు.
ఆ రాత్రి ఒపల్‌తో చెప్పి నవ్వాడట,
నవ్వీ నవ్వీ
ఒక బూటు విప్పి, రెండోది మరిచి
మంచం అంచున అలాగే ఉండిపోయాడట.

తొమ్మిదేళ్ళ తర్వాత టెలివిజన్ వాళ్ళు కబురంపారు.
జుట్టు నెరిసింది, ఒపల్ అప్పటికి లేదు.
వేషం? ఇంకేముంటుంది.
ఆ రీలు ఇవాళ నా బల్ల మీదుంది.
అర్ధరాత్రి బారు, చివరి తాగుబోతు,
అతను గ్లాసు తుడిచి
బల్ల మీద బోర్లించి
నేరుగా మన వైపు చూసి అంటాడు:
"మూసేస్తున్నాం సార్."
గొంతు ఇలా ఉంటుందని నాకు తెలీదు.
రేవు గాలి తగిలిన గొంతు.

జాబితాలో పేరు రాయాల్సిన గడి ఒకటుంది.
ఏ పేరు రాయను?
పేర్లు చెప్పనివాడి పేరు చెప్పొచ్చా?
ఖాళీగా వదిలి
రీలు నాలుగు ఫ్రేములు వెనక్కి తిప్పి
భూతద్దం పెట్టి చూశాను.
కాలరు కింద బొత్తాం.
దారం రంగు వేరు,
ముడి వంకర,
మగవాడెవడో తనే కుట్టుకున్నట్టుంది.