అర్ధకిలో సుత్తి

మే నెలంటే వాళ్ళకు వసంతమట.
టికెట్లు కొన్నాక ఫోన్ చేశాడు తియెరీ.
నేను అండాళు మొహం చూశాను.
అండాళు కూలర్ మొహం చూసింది.
"రానియ్యి, గడ్డి మార్పిస్తే సరి" అన్నది.

బాకీ ఉన్నాం మరి.
పోయిన జూలైలో పన్నెండు రోజులు
వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ రాతి ఇంట్లో తిన్నాం.
రాత్రి పదింటిదాకా పొద్దు గూకని ఊరు.
మనుషులకంటే ఆవులెక్కువ,
ఆవులకంటే నిశ్శబ్దం ఎక్కువ.
మోసుకుపోయిన పచ్చిమిరపకాయలు అయిదోరోజుకే ఒడిశినయ్.
ఆరోరోజు నుంచి వాళ్ళ సీసాలోని ఆవముద్దే
అన్నంలో కలిపి, కళ్ళనీళ్ళతో మెచ్చుకుంది అండాళు.
చర్చిగంట ప్రతిసారీ రెండుమార్లు ఎందుకు కొడుతుందని అడిగితే
ఒదీల్ గరిటె ఆపి
"రెండుమార్లా?" అన్నది.
అరవై ఏండ్లు ఆ గంట కిందే బతికిన మనిషి.

ఇప్పుడు ఫతేనగర్.
రెండు గదులు, ఒక రంజన్,
పొద్దున తొమ్మిదింటికే చెయ్యి కాల్చే గోడ.
తియెరీ ఉడకబెట్టిన బీట్‌రూట్ అయ్యాడు.
ముంజలో వేలు పొడిచి, నీళ్ళు కంట్లో చిమ్మితే
ఒదీల్ నవ్వు పక్కింటిదాకా పోయింది.
రాత్రి మిద్దె మీద బకెట్లతో నీళ్ళు కొట్టాం,
సిమెంటు బుస్సుమన్నది.
చాపల మీద నలుగురం వరసగా పడుకుని
వాళ్ళ ఊరి చుక్కలు ఇక్కడ రానందుకు
నేను క్షమాపణ చెప్పాను.

మూడోరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది.
కూలర్ ఆగితే అన్నీ వినబడతాయి.

టంక్. టంక్. టంక్. టంక్.

"ఏమిటది?" అన్నది ఒదీల్.
ముప్పైరెండేళ్ళు బాలానగర్‌లో లేత్ ముందు నిలబడ్డవాణ్ణి,
చప్పుడు విని లోహం పేరు చెబుతాను.
"అర్ధకిలో సుత్తి. రాగిరేకు, పల్చటిది.
వెనకగల్లీలో ఎవరిదో వర్క్‌షాపు.
ఎండాకాలం ఆర్డర్లెక్కువేమో,
భోజనానిక్కూడా లేవడు. మంచి పనోడు."
తియెరీ తలూపాడు.
నాకు మిషన్ నేర్పినవాడు, నా చెవిని కాదనడు.

ఒదీల్ లేచింది.
నా గొడుగు, అండాళు తడితువ్వాలు, తన బైనాక్యులర్స్.
నలభైమూడు డిగ్రీల్లో గల్లీ దాటుతుంటే
నయీం వాళ్ళ పిల్లలు వెంటపడ్డారు,
కుక్క మాత్రం నీడలోంచి కదల్లేదు.
రైల్వే గోడ పక్క మేడిచెట్టు కింద నిలబడి
చెయ్యూపింది.

పిడికిలంత కూడా లేదు.
ఆకుపచ్చ ఒళ్ళు, నుదుటి మీద ఎర్రటి అచ్చు.
ముక్కు తెరవకుండా, గొంతు మాత్రం ఉబ్బించి
టంక్. టంక్.

"కంసాలి పిట్ట" అన్నది అండాళు, తాపీగా.
"నీకెట్ల తెలుసు?"
"చిన్నప్పటి సంది తెలుసు. నువ్వెప్పుడడిగినవ్?"

వాళ్ళు వెళ్ళిపోయి నెలన్నర.
ఆవముద్ద సీసా ఫ్రిజ్‌లో సగముంది.
నాకింకా సుత్తే వినబడుతుంది,
రెక్కలున్న సుత్తి.

నిన్న ఒదీల్ ఫోను.
నీ వల్ల నిద్ర లేదు, ప్రతి గంటా రెండుసార్లు లెక్కపెడుతున్నానంటుంది.
గంట చూసుకునే ముసలాయన్ని పోయి అడిగిందట.
రెండోసారి
మొదటిసారి విననివాళ్ళ కోసమట.