పదహారు గడుల సొరుగు

బ్ర్నో నగరంలో ఫిబ్రవరి.
కిటికీ కింద ట్రామ్ మలుపు తిరిగినప్పుడల్లా
నా తెర మీది గీతలు సన్నగా వణుకుతాయి.

అడ్డం పదహారు గడులు, నిలువు పదహారు.
అందులో ఇమడాలి
ఒక మనిషి దాచుకున్నదంతా:
కరెంటు బిల్లులు, పెళ్లి ఫోటోలు,
పంపకుండా ఆగిపోయిన రాజీనామా.
ఫైళ్లు చూపించే ప్రోగ్రాముకి
ఒక బొమ్మ కావాలి. అంతే.
నెల దాటింది.

పసుపు ఫోల్డర్ గీశాను.
"అది అందరిదీ, మనది కాదు" అన్నాడు ఒతకర్.
వాళ్ల అమ్మాయి, ఏడేళ్లది, తొంగి చూసి
"దుప్పటి మడతా?" అని అడిగింది.
అట్ట ఫోల్డర్ ఎన్నడూ ముట్టని చేతులు ఆ పిల్లవి.
ఇల్లు గీశాను. ఇల్లు ఇంకో మీటకి ఎప్పుడో ఇచ్చేశారట.
దిక్సూచి చిన్నదయ్యేసరికి గడియారమైంది.
భూతద్దం గీసి,
వెతకడం వేరు, ఉన్నచోటు తెలియడం వేరు అని
నేనే కొట్టేశాను.

పై అంతస్తు ద్రహొమీరా గారు
ముప్పై ఒక్క ఏళ్లు భూమి రికార్డుల ఆఫీసులో పని చేశారు.
రేడియేటర్ చల్లబడిందని చెప్పడానికి వచ్చి
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
తెరకు జానెడు దూరంలో ముక్కు పెట్టారు.
"ఏం చేస్తుంది ఇది?"
ఏది ఎక్కడుందో చూపిస్తుంది అన్నాను.
"అది నా పని కదా" అన్నారు.

ఆమె సొరుగులు ఓక్ చెక్కవి.
తేమకి ఉబ్బితే మోకాలు ఆనించి లాగాలి.
వీధుల పేర్లు మారినప్పుడల్లా
చీటీల మీద చీటీలు అంటించారు.
చీటీ చదివేవాళ్లు కొత్తవాళ్లు.
పాతవాళ్లకి పిడి అరుగుదలే గుర్తు.

"మూసి గీస్తే తాళం వేశారనుకుంటారు.
పూర్తిగా లాగి గీస్తే దొంగలు పడ్డారనుకుంటారు.
కొంచెం తెరిచి వదులు,
ఇప్పుడే ఎవరో చెయ్యి పెట్టి తీసినట్టు."

కొంచెం అంటే ఎంత?
పిండిలోకి ఉప్పు తీసినట్టు
రెండు వేళ్ల మధ్య సందు చూపించారు.
నా లెక్కలో అది రెండు గడులు.

ఆ రాత్రి బూడిద రంగు పెట్టె,
పిడికి మూడు చుక్కల ఇత్తడి,
పై అంచున రెండు గడుల చీకటి.
నలుపు వాడలేదు. ముదురు నీలం,
లోపల ఏదో ఉందనిపించేంత.

పొద్దున ఒతకర్ తల పక్కకి వంచి చూసి
"బ్రెడ్ కాల్చే మిషను" అన్నాడు.
కోపం వచ్చింది.
నిజమే కాబట్టి వచ్చింది.
ఒక గడి తీసేశాను.

ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లెక్కి
పైవాళ్ల తలుపు కొట్టాను.
ద్రహొమీరా గారు బాగుందనలేదు, బాగాలేదనలేదు.
సూప్ గరిట ఎడమ చేతిలోకి మార్చుకుని
కుడిచేతి వేలు వంచి
అద్దం మీద ఆ ఇత్తడి చుక్కల్ని
లాగబోయారు.