ఒక చుక్క ఎక్కువ

అనంతపురం పాతూరులో, గిన్నెల అంగళ్ళ వరసలో
మెట్ల కింద నాది నాలుగడుగుల జాగా.
స్టీలు సామాన్ల మీద పేర్లు కొడతాను.
పెండ్లి బిందెలు, గృహప్రవేశం డబ్బాలు,
పోయినోళ్ళ గుర్తుగా పంచే గ్లాసులు.
అక్షరానికి ఇంత అని లెక్క.
ఒత్తుకు వేరే దుడ్లు అడగను.

షేక్షావలి సారు ఏటా రాడు.
గెలిచిన ఏడు మాత్రమే వస్తాడు.
ఈసారి పదకొండేండ్లకు వచ్చినాడు,
మెడలో విజిలు తీయడం మరిచి,
చంకలో దుప్పటి చుట్టిన షీల్డుతో.
ఓవరాల్ ఛాంపియన్‌షిప్పు.
దుప్పటి హాస్టలుది, మూలన నంబరు ఇంకా ఉండాది.

టేకు చెక్క చుట్టూ ఇత్తడి రేకులు,
ఒక్కోటి అగ్గిపెట్టె అంత.
ఏడూ కాలేజీ పేరూ పట్టేసరికి జాగా చాలు.
మరి పరిగెత్తినోళ్ళ పేర్లు?
"ఓవరాల్ అంటే అదే కదయ్యా,
అందరిదీ.
అంటే, రాసేదానికి ఎవరిదీ కాదు."

నేను కొడుతుంటే ఆయన లెక్క చెప్పినాడు.
మొదటికి ఐదు, రెండుకు మూడు, మూడుకు ఒకటి,
రిలేకు రెట్టింపు.
మూడోరోజు పొద్దుగూకేసరికి మనవి డెబ్బై ఆరు,
హిందూపురం వాళ్ళవి డెబ్బై ఐదు.

ఆ ఒక్కటి ఎవరిది సార్?
సారు విజిలు దారం వేలికి చుట్టి, విప్పి,
"డెబ్బై ఆరులో ఏదైనా ఆ ఒక్కటే గదా" అన్నాడు.
అని ఊరుకోలేదు.
రెండోరోజు మధ్యాన్నం,
అందరూ పులిహోర పొట్లాల కాడ ఉండగా
ఆడపిల్లల హ్యామర్ త్రో.
విసిరేది ఐదుగురే.
ఒక పిల్లకు రెండు ఫౌళ్ళు.
మూడోసారి గుండు వలకు తగిలి కూడా
గీతల లోపలే పడింది.
ఇరవై మీటర్ల నలభై. మూడో స్థానం.
చూసినోళ్ళు ఇద్దరు,
ఇద్దరి చేతుల్లోనూ టేపు.
చప్పట్లు ఎట్ల కొడతారు?

నా ఉలి గీత గీయదు, చుక్క పెడుతుంది.
చుక్క పక్కన చుక్క,
దూరం జరిగితే అక్షరం.
సారు షీల్డు తీసుకపోయే ముందు రేకు మీద లెక్కబెట్టినాను:
మూడొందల పన్నెండు.
ఇందులో ఒకటి తీయమంటే ఏది తీయాల?
'ప్ర'లో తీస్తే ప్రభుత్వం కుంటుతుంది.
దీర్ఘంలో తీస్తే కళాశాలకు తోక తెగుతుంది.
చివరి సున్నలో తీస్తే
అనంతపురం నోరు తెరుచుకొని నిలబడుతుంది.

వారం తిరక్కముందే ఒక పిల్ల వచ్చింది.
వెడల్పాటి భుజాలు, చేతిలో హాస్టలు కంచం.
"దినామూ మారిపోతాందన్నా, పేరు కొట్టు."
ఏం పేరమ్మా?
"కుళ్ళాయమ్మ."
కంచం అందిస్తుంటే చూసినాను,
నాలుగు వేళ్ళ మొదట్లో అడ్డంగా కాయ,
పిడి ఒరుసుకున్న కాయ.
హ్యామరా?
"ఊ. సారు పేరు రాపిచ్చినాడు. నాది ఖోఖో."

డెబ్బై ఆరు, డెబ్బై ఐదు,
మధ్యలో నువ్వు, అని చెప్పినాను.
మూడొందల పన్నెండు సంగతీ చెప్పినాను.
పిల్ల అంతా ఇన్నింది.
"నేను పోయేసరికి
పులిహోర పొట్లం ఒగటి గూడా మిగల్లేదన్నా" అనింది.

కంచాన్ని వెలుతురుకు పట్టి చూసింది.
"ఇది ల గదా. మా పేరుకు ళ కావాల."
కొట్టిన చుక్క వెనక్కి రాదు.
దాని కిందనే మళ్ళీ కొట్టినాను,
ళకు ళ ఒత్తు, దీర్ఘం,
షీల్డు మీద కొట్టినంత నిదానంగా.

నాలుగక్షరాలకు లెక్కబెట్టి ఇచ్చింది.
తప్పు కొట్టినదానికి ఇయ్యలేదు.