పురికొస

హుసావిక్ రేవులో నలభయ్యేళ్లు
వలలు బాగుచేసింది స్టెయినున్.
కత్తి వెతుక్కునే ఓపిక లేక
పురికొస ప్రతిసారీ
పంటితోనే తెంపేది.

ఇప్పుడక్కడ, కింది దవడలో, కుడివైపు
రెండు టైటానియం మరలు.
"తుప్పు పట్టవు" అంది డాక్టర్ థోర్దీస్,
"కానీ జివ్వుమనవు కూడా.
చుట్టూ చిగుళ్లు చెడుతున్నా చెప్పవు.
మీరే అడుగుతూ ఉండాలి."

నొప్పి చెప్పనివాళ్లు ఆమెకు కొత్త కాదు.
మొగుడు హాల్డోర్ గుండె సంగతి
ఆసుపత్రివాళ్లు చెప్తేనే తెలిసింది.

అందుకే రోజూ రాత్రి
కిటికీకి మంచు రాసుకుంటూ పోతుంటే
అద్దం ముందు నోరు తెరిచి
సన్నని బ్రష్షు సందుల్లో దూర్చి, లాగి
దీపం దగ్గర పట్టి చూస్తుంది.
నెత్తురు లేదు.
మధ్యాహ్నం తిన్న ఎండుచేప పోగు ఒకటి,
అంతే.

తర్వాత దారం.
పంటి మెడ చుట్టూ తిప్పి
అటూ ఇటూ, మెల్లగా...
చేతులకు వచ్చిన పనే ఇది.

ఎక్కడైనా చిక్కు పడితే మాత్రం
అలవాటుకొద్దీ కొరకబోయి
ఆగి,
కత్తెర కోసం
ఇంట్లో సొరుగులన్నీ లాగుతుంది.