పంతొమ్మిదో మనిషి

కుతాయిసిలో కరెంటు లేని చలికాలం.
రొట్టెల కొట్టు ముందు పదిహేడుగురం.
ఆవిరి పట్టిన అద్దం మీద
లెక్కల టీచరు నాజిబ్రోలా
వేలితో మమ్మల్ని రాసింది:
11111111111111111

"గట్టిగా కనిపిస్తుంది గానీ విరుగుతుంది.
ఇరవై లక్షల డెబ్భై ఒక్క వేల
ఏడువందల ఇరవై మూడు పెట్టి కొడితే
శేషం సున్నా.
అది దొరికేసరికి నా కొవ్వొత్తులన్నీ అయిపోయాయి."

పాలక్యాను ఊపుకుంటూ ఓతియా చేరాడు. ఇంకో ఒకటి.
"ఇదా? మూడుకే లొంగిపోతుంది."
పళ్ళు టకటకలాడుతుండగానే నవ్వాం.

తర్వాత మంచులో కుంటుకుంటూ
ఎవరికీ తెలియని ముసలాయన.
"ఇంకో నోరా!" ఎవరో గొణిగారు.
టీచరు జరిగి చోటిచ్చింది,
అద్దం చివర మరో గీత గీసింది.
"పంతొమ్మిది ఒకట్లు.
ఇక దీన్ని
తనూ, ఒకటీ తప్ప
ఎవరూ భాగించలేరు."

తలుపు తెరిచారు.
రొట్టెలు పన్నెండే.

వాటిని భాగించాం.